ప్రాణం కూడా అమానతే

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకదానిని చదివి పక్కన పెట్టలేకపోయాము. రాసినది ఒక తల్లి. ఊరు, పేరు ప్రకటించవద్దని కోరారు. భర్త కన్నుమూసి ఆరేళ్లయింది. ఇరవై ఆరేళ్ల కుమారుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకొని, మూడేళ్లుగా ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. పెళ్లీడుకు వచ్చిన కుమార్తె ఉంది. ఇంటి మీద నాలుగు లక్షల అప్పు ఉంది. ఇప్పుడు ఒక ఏజెంటు ఆ అబ్బాయికి పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశంలో ఇక్కడికి మూడు రెట్ల జీతంతో ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. "అది ముస్లింల దేశం, మసీదుల దేశం. మీకు భయమేమిటి?" అని ధైర్యం చెబుతున్నాడు. కుమారుడేమో "చావు రాసిపెట్టి ఉంటే ఇక్కడైనా వస్తుంది కదా అమ్మీ" అంటున్నాడు. ఆ సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "వాణ్ణి ఆపితే నా ఈమాన్‌లో లోపం ఉన్నట్లా?"

లేదు సోదరీ. ఈ సమాధానం ముందుగానే చెబుతున్నాము, చివరి వరకు చదివే లోపల మీ మనసు కలత పడకూడదని. అయితే ఇటువంటి ప్రశ్న మీ ఒక్క ఇంటిది కాదు. గల్ఫ్ దారులు ఇరుకైన కొద్దీ మన పిల్లల చూపు కొత్త దేశాల వైపు మళ్లుతోంది. అందుచేత కాస్త వివరంగానే మాట్లాడుకుందాము.

ఏజెంటు చెప్పిన మాటలో ఒక సగం నిజం. మాలీ నిజంగానే మసీదుల దేశం, విద్యల దేశం. క్రీ.శ. 1324లో ఆ దేశపు చక్రవర్తి మన్సా మూసా హజ్ యాత్రకు బయలుదేరి కైరో మీదుగా వెళ్లినపుడు ఆయన పంచిపెట్టిన బంగారం గురించి అరబ్బు చరిత్రకారులు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. తిరిగి వచ్చి ఆయన తింబుక్తు నగరంలో కట్టించిన జింగరేబర్ మసీదు నేటికీ నిలిచి ఉంది. అదే నగరంలోని సంకోరె మసీదు చుట్టూ ఫిఖహ్, వ్యాకరణం, ఖగోళం, వైద్యం బోధించే పండితుల ఇళ్లు వెలిశాయి. జెన్నె పట్టణంలోని మట్టి మసీదుకు ఏటా వానలకు ముందు ఊరు ఊరంతా కలిసి కొత్త మట్టి పూత పూస్తారు. పిల్లలు మట్టి మోస్తారు, మేస్త్రీలు గోడలెక్కుతారు, స్త్రీలు నీళ్లు తెస్తారు.

మన దేశానికి కూడా పరిచయమైన ఒక యాత్రికుడు ఆ రాజ్యాన్ని కళ్లారా చూశాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, 1352లో మొరాకో నుంచి బయలుదేరి, సహారా ఎడారి దాటి మాలీ చేరుకున్నాడు. అక్కడ ఆయనను బాగా ఆకట్టుకున్న విషయం భద్రత. ఆ రాజ్యంలో బాటసారికి గాని, ఇంట ఉన్నవారికి గాని దొంగల భయం లేదని ఆయన నమోదు చేశాడు. జుమా నాడు ఆలస్యమైతే మసీదులో చోటు దొరకదని, అందుకే ముందుగానే కుర్రవాళ్లకు జానమాజ్ ఇచ్చి పంపుతారని రాశాడు. మరొక సంగతి మరీ గమనార్హం. పరదేశి ఎవరైనా అక్కడ మరణిస్తే, ఆస్తి ఎంతటిదైనా అక్కడివారు ముట్టుకోరట. అసలైన వారసులు వచ్చేదాకా నమ్మకస్థుడైన ఒక మనిషి వద్ద దానిని భద్రపరుస్తారట. అమానత్ విలువ తెలిసిన జాతి అది.

అయితే మీ అబ్బాయి వెళ్లబోయేది 1352 నాటి మాలీకి కాదు. నేటి మాలీ పరిస్థితిని కూడా అంతే నిజాయితీగా చెప్పుకోవాలి.

2012 మార్చిలో రాజధాని బమాకోలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ గందరగోళంలో ఉత్తర ప్రాంతం మొదట తువారెగ్ తిరుగుబాటుదారుల చేతికి, అటుపై అల్‌ఖైదాతో సంబంధమున్న సాయుధుల చేతికి చిక్కింది. 2013 జనవరిలో ఫ్రాన్సు సేనలు దిగి పట్టణాలను విడిపించాయి గాని, పల్లెలకు శాంతి రాలేదు. 2020 ఆగస్టులో సైన్యం మళ్లీ అధికారం చేజిక్కించుకుంది. తొమ్మిది నెలలకే, 2021 మేలో, మరోసారి. పదేళ్లు ఉన్న ఐక్యరాజ్యసమితి శాంతిదళం 2023 డిసెంబరు ఆఖరుకు ఆ దేశం విడిచి వెళ్లిపోయింది. 2024 సెప్టెంబరులో రాజధానిలోనే పోలీసు దళాల శిక్షణ కేంద్రంపై, విమానాశ్రయ ప్రాంతంపై దాడులు జరిగాయి.

2025 మరింత కష్టంగా గడిచింది. మాలీకి సముద్రతీరం లేదు. పెట్రోలు, డీజిలు చాలావరకు సెనెగల్, ఐవరీ కోస్టు రేవుల నుంచి ట్యాంకరు లారీలలో వందల కిలోమీటర్లు ప్రయాణించి రావాలి. ఆ సంవత్సరం సెప్టెంబరు నుంచి సాయుధులు ఆ దారులను అడ్డగించి ట్యాంకర్లను తగులబెట్టసాగారు. బమాకోలో పెట్రోలు బంకుల వద్ద బారులు తీరాయి. అక్టోబరు చివర దేశమంతటా పాఠశాలలను రెండు వారాల పాటు మూసివేయవలసి వచ్చింది. అనేక దేశాలు తమ పౌరులను వెంటనే బయటికి రమ్మని కోరాయి.

మీకు మరింత దగ్గరగా తగిలే విషయం ఇంకా ఉంది. 2025 జూలై 1న పశ్చిమ మాలీలోని కాయెస్ వద్ద ఒక సిమెంటు ఫ్యాక్టరీపై సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. మన విదేశాంగ శాఖే ఈ సంగతిని ప్రకటించింది. వారిలో ఒకరు ఆంధ్రప్రదేశ్ వాసి అని అప్పటి పత్రికలు రాశాయి. నవంబరులో పశ్చిమ ప్రాంతంలోనే విద్యుదీకరణ పనులు చేస్తున్న ఐదుగురు భారతీయులు అపహరణకు గురయ్యారు. సిమెంటు, కరెంటు: మీ అబ్బాయి పని కూడా అదే కదా సోదరీ! వీరిని ఎత్తుకుపోయింది వారి మీద పగతో కాదు. పరదేశి అంటే ఆ సాయుధులకు విడుదల సొమ్ము. గనులు, ఫ్యాక్టరీలు, విద్యుత్ లైన్లు ఊళ్లకు దూరంగా ఉంటాయి. అక్కడ పనిచేసే విదేశీయులు వారికి సులువుగా దొరుకుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదంతా చదివి మాలీ ప్రజలను తప్పుగా అర్థం చేసుకోకూడదు. ఆ దేశంలో పదింట తొమ్మిది మందికి పైగా ముస్లింలే. మతం పేరు చెప్పుకొని తుపాకి పట్టిన వారి చేతిలో అందరికంటే ఎక్కువగా నలిగిపోతున్నది కూడా ఆ ముస్లిం రైతులు, పశువుల కాపరులు, బడిపిల్లలే. నిర్దోషి ఒక్కడిని చంపడం మానవాళిని చంపడంతో సమానమని బోధించే ధర్మానికి, దారికాచి ట్యాంకరు డ్రైవరును కాల్చేవాడికి ఏ సంబంధమూ లేదు.

ఇక "ముస్లిం దేశం కనుక భయం లేదు" అనే మాట. దైవప్రవక్త (స) జీవితంలోనే దీనికి జవాబు ఉంది. మక్కాలో హింస భరించలేని స్థితి వచ్చినపుడు ఆయన తమ సహచరులను పంపినది ఎక్కడికి? ఆఫ్రికా ఖండంలోని అబిసీనియాకు. అక్కడి రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. ఆ రాజు ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదన్నది ఆయనను ఎంచుకోవడానికి కారణం. మదీనాకు హిజ్రత్ చేసినపుడు ఎడారి దారి చూపడానికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. దారి తెలిసినవాడు, మాట తప్పనివాడు. ప్రయాణంలో చూడవలసినది అక్కడ న్యాయం ఉందా, దారి క్షేమమా, వెంట ఉన్నవాడు నమ్మదగినవాడా అన్న సంగతులను. దేశం మీద ఉన్న పేరును కాదు.

ఆ హిజ్రత్ ప్రయాణాన్నే మరికాస్త గమనించండి. మదీనా ఉత్తరాన ఉంటే, ఆయన (స) ముందుగా దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. మూడు రాత్రులు అక్కడ ఆగారు. హజ్రత్ అబూబకర్ (రజి) కుమారుడు పగలంతా మక్కాలో ఉండి రాత్రికి వార్తలు తెచ్చేవారు. హజ్రత్ అస్మా (రజి) ఆహారం సమకూర్చారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) అడుగుజాడలు చెరిగిపోయేలా మేకలను తోలుకొచ్చేవారు. తమ వద్ద మక్కావాసులు దాచుకున్న అమానతులను తిరిగి ఇచ్చే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి అప్పగించిన తరువాతే ఈ ప్రయాణం మొదలైంది. అల్లాహ్ రక్షణపై ఆయన (స) కంటే గొప్ప నమ్మకం ఎవరికి ఉంటుంది? అయినా ఏ ఒక్క జాగ్రత్తా వదలలేదు. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని ఒక సహచరునికి ఆయన నేర్పిన పాఠం కూడా ఇదే. తవక్కుల్ జాగ్రత్తకు శత్రువు కాదు.

"చావు రాసిపెట్టి ఉంటే ఇక్కడైనా వస్తుంది" అంటున్న ఆ అబ్బాయికి మాత్రం హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం వినిపించండి. సిరియాకు ప్రయాణమై వెళుతుండగా సర్గ్ అనే చోట ఆయనకు ముందు ప్రాంతంలో ప్లేగు ప్రబలిందన్న కబురు అందింది. ఆయన ముహాజిర్లతో, అన్సార్లతో, ఖురైష్ పెద్దలతో వేర్వేరుగా సంప్రదించి, వెనుదిరగడానికి నిశ్చయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామన్న భావంతో ఖలీఫా బదులిచ్చి, ఒక ఉపమానం కూడా చెప్పారు. ఒక లోయకు ఒక పక్క పచ్చిక, ఒక పక్క బీడు ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధియే కదా అన్నారు. అంటే, వెళ్లడం విధి అయితే ఆగడం కూడా విధియే. తల్లి ఆపితే ఆగడం కూడా రాసిపెట్టినదే. విధి పేరు చెప్పి ఆలోచించడం మానుకోవడాన్ని ఉమర్ (రజి) అంతటివారు ఒప్పుకోలేదు.

ఇప్పుడు మళ్లీ మాలీకే వెళదాము. ఆ దేశ ప్రజలే ఈ పాఠాన్ని మన కాలంలో ఆచరించి చూపారు.

తింబుక్తులో తరతరాలుగా కుటుంబాలు చేతిరాత గ్రంథాలను పెట్టెలలో, గోడ గూళ్లలో దాచుకొని వస్తున్నాయి. ఖుర్ఆన్ ప్రతులు, హదీసు, ఫిఖహ్, వైద్యం, నక్షత్ర గణితం, వర్తకుల ఒప్పందాలు అన్నీ వాటిలో ఉన్నాయి. 2012లో సాయుధులు నగరాన్ని ఆక్రమించి, వలీల సమాధి మందిరాలను పలుగులతో కూల్చివేస్తున్నపుడు, ఈ గ్రంథాలకు కూడా గండం తప్పదని అక్కడి పెద్దలు గ్రహించారు. అబ్దుల్ ఖాదిర్ హైదరా అనే గ్రంథాలయ నిర్వాహకుడు, ఆయన మిత్రులు, బంధువులు రాత్రివేళల్లో ఇనుప ట్రంకు పెట్టెలు నింపారు. గాడిద బండ్ల మీద, కార్లలో, నైజర్ నది మీద పడవలలో వాటిని వేయి కిలోమీటర్ల దూరాన ఉన్న బమాకోకు తరలించారు. 2013 జనవరిలో సాయుధులు పారిపోతూ అహ్మద్ బాబా సంస్థలో మిగిలిన గ్రంథాలలో వేలాది ప్రతులను కాల్చివేశారు. కాని అంతకు ఎన్నో రెట్లు గ్రంథాలు అప్పటికే గండం దాటిపోయాయి.

ఆ తింబుక్తు పెద్దలకు ఈమాన్ తక్కువా? రాసిపెట్టి ఉంటే ఇక్కడే మిగులుతాయిలే అని వారు కూర్చోలేదు. తాతల నుంచి వచ్చిన అమానత్‌ను గండం ఉన్న చోటు నుంచి గండం లేని చోటికి చేర్చారు. కాగితం విషయంలో వారంత జాగ్రత్త పడితే, అల్లాహ్ స్వయంగా మన చేతికిచ్చిన ప్రాణం విషయంలో మనం ఎంత జాగ్రత్త పడాలి? మీ కుమారుని ప్రాణం అతని సొంత ఆస్తి కాదు, మీ ఆస్తి కూడా కాదు. ఇద్దరి వద్దా ఉన్న అమానత్. దానిని ప్రమాదం ఉన్న చోటి నుంచి తప్పించడం ఈమాన్‌లో లోపం కాదు, ఈమాన్ కోరేదే.

కాబట్టి మా సలహా స్పష్టం: ఇప్పుడున్న పరిస్థితిలో ఆ ఉద్యోగానికి అబ్బాయిని పంపవద్దు.

అయితే, మన పాఠకుల ఇళ్లలో ఇప్పటికే ఇటువంటి దేశానికి వెళ్లవలసిన బాధ్యత గలవారు ఉండవచ్చు. వైద్యులు, ఇంజనీర్లు, సహాయ సంస్థలలో పనిచేసేవారు ఉంటారు. అటువంటి వారికి కొన్ని మాటలు. బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ, అక్కడి భారత రాయబార కార్యాలయం జారీ చేసిన హెచ్చరికలు చదవండి. బమాకోలో మన రాయబార కార్యాలయం ఉంది. చేరిన రోజే అక్కడ పేరు నమోదు చేయించుకోండి. ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పదో తరగతి పాస్ కానివారు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవలసిన 18 దేశాల జాబితా ఒకటి ఉంది. గల్ఫ్ దేశాలు అందులో ఉన్నాయి, మాలీ లేదు. అంటే గల్ఫ్‌కు వెళ్లేవాడి ఒప్పందానికి జరిగే పరిశీలన ఇక్కడ జరగదు. ఆ పని కుటుంబమే చేసుకోవాలి. పని చేసే చోటు పేరు, ఊరి నుంచి దాని దూరం, కాపలా ఏర్పాట్లు, రాకపోకలు ఏ దారిన, పరిస్థితి చెడితే వెనక్కి పంపే ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోండి. మామూలు బీమా పత్రాలలో యుద్ధం, అపహరణ వంటివి మినహాయించి ఉంటాయి. ఆ భాగం చదవకుండా సంతకం చేయవద్దు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకపోతే తిరిగి వచ్చినపుడు మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు. హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ నివారణ వైద్య సంస్థలో ఆ టీకా వేస్తారు. చివరిగా, అప్పుల వివరాలు, వసీయత్ రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. ఇది అపశకునం కాదు, సున్నత్.

సోదరీ, మీ ఉత్తరంలో మరొక వాక్యం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆ అప్పులో రెండున్నర లక్షలు పెద్దమ్మాయి పెళ్లికి చేసినవని, చిన్నమ్మాయి పెళ్లికి కనీసం మరో ఐదు లక్షలైనా కావాలని రాశారు. మీ మనసు నొప్పించాలని కాదు గాని, ఒక ప్రశ్న అడుగుతాము. అబ్బాయిని ఎడారి దాటిస్తున్నది ఏజెంటేనా? షాదీఖానా అద్దె, మూడు రకాల బిర్యానీలు, పెళ్లికొడుకుకు బండి, "జోడే కీ రఖమ్" కూడా కాదా? నికాహ్‌ను సులభం చేయమన్న దైవప్రవక్త (స) మాటను మనం ప్రసంగాలలో విని, ఇంటికి వచ్చి మరచిపోతున్నాము. ఆ మరుపుకు వెల కట్టేది మన కొడుకులే. మీ మొహల్లా మసీదు పెద్దలతో మాట్లాడండి. కట్నం అడగని సంబంధం కోసం, మసీదులో నికాహ్ కోసం పట్టుబట్టండి. అప్పు ఇచ్చినవారిని గడువు అడగండి. ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వమని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది, అడగడంలో సిగ్గు లేదు. అబ్బాయి చేతిలో మంచి పని ఉంది. మన రాష్ట్రాలలోనే ఇంకాస్త మెరుగైన జీతం దొరికే అవకాశం ఉంది. గల్ఫ్‌లో నమోదైన మార్గాలూ ఉన్నాయి. అప్పు తీరడానికి రెండేళ్లకు బదులు నాలుగేళ్లు పట్టవచ్చు. ఆ నాలుగేళ్లూ రాత్రి పూట మీ ఇంటి తలుపు అతని చేతితోనే మూతపడుతుంది.

ఈ మాటలు చదివి అబ్బాయి అలగవచ్చు. అతనిని పిరికివాడని ఎవరూ అనకుండా చూడండి. ఇంటి భారం మోయాలన్న అతని తపన గొప్పది. దానిని మెచ్చుకోండి, దారి మాత్రం మార్చండి.

మాలీ ప్రజల కోసం కూడా దుఆ చేయండి. 2025 ఆగస్టులో, పదమూడేళ్ల తరువాత, ఆ గ్రంథాల పెట్టెలలో తొలి విడత బమాకో నుంచి తింబుక్తుకు తిరిగి చేరుకుంది. కాపాడిన అమానత్ ఒకనాటికి ఇంటికి తిరిగి వస్తుంది. ఎత్తుకుపోయిన వారందరూ కూడా అలాగే తమ తల్లుల వద్దకు క్షేమంగా చేరాలని, బాటసారికి దొంగల భయం లేని ఆ పాత మాలీని అక్కడి పిల్లలు మళ్లీ చూడాలని కోరుకుందాము. ఆమీన్.